పండగ పది రోజుల్లో ఉంది, ఆఫీసూ అరిసెలూ రెండూ ఎలా ఈదుతున్నారు?

గోరింటాకు | జనవరి 4, ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నాది గుంటూరు, బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తాను. ఊళ్లో జనానికి పండగ నెల అంటే ముగ్గులూ హరిదాసూ గుర్తొస్తాయి, నాకు మాత్రం జీఎస్టీ గుర్తొస్తుంది. నెలనెలా రిటర్న్ వేసేవాళ్ల ఆర్-1 (అమ్మకాల లెక్క) 11కి, మూడు నెలలకోసారి వేసేవాళ్లది 13కి, త్రీబీ (పన్ను కట్టే రిటర్న్) 20కి, మూడు నెలల టీడీఎస్ రిటర్న్ 31కి. ఈసారి భోగి 14, బుధవారం. అంటే 13 రాత్రి దాకా కుర్చీలోంచి లేవడానికి లేదు, తెల్లారితే భోగి మంట. ఏ క్లయింటూ బిల్లులు ముందు ఇవ్వడు, 10వ తారీఖు సాయంత్రం క్యారీబ్యాగులో కుక్కి తెచ్చి టేబుల్ మీద గుమ్మరిస్తాడు.

ఇది చాలదన్నట్టు మా అత్తగారు తెనాలి అవతల ఊరి నుంచి శుక్రవారం దిగుతున్నారు. ఫోన్లో ముందే చెప్పేశారు, అరిసెలు ఇంట్లోనే వండాలి, ఆడపిల్లకి కొన్నవి పంపితే నలుగురూ ఏమనుకుంటారు అని. ఎన్ని అంటే, ఐదు కిలోల బియ్యం పొయ్యమ్మా అన్నారు. పోయినేడు నేనొక్కదాన్నే ఉన్నప్పుడు రెండు కిలోలు పెట్టుకుంటే సగం మూకుట్లోనే విడిపోయాయి. నూనెలో వేయగానే చుట్టూ నురగ వచ్చి, ముక్కలు ముక్కలై, అడుగున నల్లటి ఇసకలాగా మిగిలింది. రాత్రి 12 గంటలకి పొయ్యి ముందు నిలబడి ఏడ్చాను, సిగ్గుపడేదేముంది. మా ఆయన ఆ ముక్కలన్నీ డబ్బాలో పోసి అరిసెల పొడి అని పేరు పెట్టి నెల రోజులు కాఫీతో తిన్నాడు.

అసలు మీరంతా ఈ పది రోజులు ఎలా నెట్టుకొస్తున్నారు? పాకం సంగతి తెలిసినవాళ్లు ఉంటే మాత్రం దయచేసి వివరంగా చెప్పండి.

నైట్‌షిఫ్ట్ | జనవరి 4, రాత్రి 11:15

అక్కా, మాదీ అదే ఏడుపు. విజయవాడ పటమటలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని. డిసెంబరు 20 నుంచి అమెరికావాళ్లు ఒక్కరూ ఉండరు, క్రిస్మస్ సెలవులు, ఏ మార్పూ చేయొద్దని ఫ్రీజ్ పెట్టేస్తారు, పది రోజులు ఈగలు తోలుకున్నాం. ఇప్పుడు ఆ పది రోజుల పనీ కలిపి రిలీజ్ 17, శనివారం పెట్టారు. కనుమ మర్నాడు! అదేంటని అడిగితే 19 సోమవారం వాళ్లకి మార్టిన్ లూథర్ కింగ్ సెలవట, ఏదన్నా తేడా వచ్చినా సర్దుకోవడానికి రోజు దొరుకుతుందట. వాళ్ల సెలవు అయిపోయిన చోట మన పండగ మొదలవుతుంది, క్యాలెండర్ ఎవరు కనిపెట్టారో గానీ.

అరిసెల గురించి నాకు తెలిసింది తినడం వరకే.

తెనాలి_తాతయ్య | జనవరి 5, ఉదయం 5:50

కనుమ నాడు కాకైనా కదలదంటారు. కనుమ మర్నాడు పని పెట్టారంటే కనుమ నాడే ప్రయాణం కట్టాలి గదా నాయనా. ఆ రోజు మినుము తిని ఇంటి పట్టున ఉండాలి.

అమ్మాయ్ గోరింటాకూ, ఐదు కిలోలంటే మాటలు కాదు. మా చిన్నతనంలో పాకం పట్టే రోజు వీధిలో నలుగురు ఆడవాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు, ఒకరు పాకం చూస్తే ఒకరు పిండి పోసేవాళ్లు, ఇద్దరు తట్టేవాళ్లు. ఒక్కదానివే నెత్తినేసుకుంటే విడిపోక ఏమవుతాయి.

నైట్‌షిఫ్ట్ | జనవరి 5, ఉదయం 6:05

తాతయ్య గారూ, ఇంటి నుంచే పని అన్నాను కదా, కాకి కదలక్కర్లేదు. లాప్‌టాప్ తెరిస్తే చాలు. అదే బాధ.

నాలుగో_లైను | జనవరి 5, మధ్యాహ్నం 1:20

గోరింటాకు గారూ, మాదీ గుంటూరే, అరండల్‌పేట. మేం క్రిస్టియన్స్, మాకు అరిసెలు డిసెంబరులోనే అయిపోతాయి. సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్ రౌండ్లు, స్టార్ కట్టడం, మధ్యలో మూడు కిలోల అరిసెలు, రెండు కిలోల చక్రాలు, అన్నీ 22కల్లా అవగొట్టాను. కేకు కొన్నా ఎవరూ ఏమీ అనరు గానీ అరిసెలు కొన్నామంటే మా అమ్మ కూడా మీ అత్తగారి డైలాగే కొడుతుంది. కాబట్టి ఈ మధ్యే చేతులు కాల్చుకున్నదాన్ని, నా మాట వినండి.

ముందు బియ్యం. సన్న బియ్యం పొయ్యకండి, స్టోరు బియ్యం, అదే రేషన్ బియ్యం అయితే ఇంకా బాగా వస్తాయి, ఎవరన్నా ఇస్తే తీసుకోండి. ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, మధ్యలో రెండుసార్లయినా నీళ్లు మార్చండి, లేకపోతే పులుపు వాసన కొడుతుంది. నీళ్లు వడకట్టాక గుడ్డ మీద కాసేపే ఉంచాలి, గుప్పిట్లోకి తీసుకుంటే తడి తెలియాలి గానీ నీళ్లు కారకూడదు. మర పట్టించిన వెంటనే జల్లించి, గిన్నెలో చేత్తో అదిమి మూత పెట్టెయ్యండి. పిండి ఆరిందంటే ఎంత పాకం వచ్చినా లాభం లేదు. పోయినసారి మీరు పిండి మధ్యాహ్నం పట్టించి రాత్రి దాకా ఫ్యాను కింద పెట్టలేదు కదా?

బెల్లం కిలో బియ్యానికి ముప్పావు కిలో. నీళ్లు బెల్లం కరగడానికి సరిపడా, గ్లాసు కూడా ఎక్కువే. మరుగుతుండగా పళ్లెంలో చల్లనీళ్లు పోసుకుని పక్కన పెట్టుకోండి, చుక్క వేసి చూస్తూ ఉండాలి. మొదట్లో వేలికి దొరక్కుండా జారిపోతుంది, అది లేత పాకం, మీ మూకుట్లో విడిపోయింది అందుకే. కాసేపటికి వేళ్లతో దగ్గరికి లాగితే మెత్తటి ఉండ అవుతుంది, నొక్కితే చదునుగా అవుతుంది, అక్కడ ఆపెయ్యాలి. ఇంకో నిమిషం ఆగారనుకోండి, ఉండ పళ్లేనికేసి కొడితే టంగుమంటుంది, ఆ అరిసెలు పళ్లున్నవాళ్లకే. మా తమ్ముడు పోయినేడు ఫోన్ చూసుకుంటూ తెడ్డు వదిలేస్తే అలాగే అయ్యాయి, వాటితో మేకులు కొట్టొచ్చు.

పొయ్యి ఆపేశాకే పిండి. ఒకరు పోస్తూ ఉండాలి, ఒకరు కలుపుతూ ఉండాలి, ఇది ఒంటిచేత్తో అయ్యే పని కాదు, తాతయ్య గారు చెప్పింది నిజం. ఉన్న పిండంతా పోసెయ్యకండి, చలిమిడి జారుడుగా ఉండగానే ఆపండి, చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. నువ్వులు, నెయ్యి అప్పుడే. మొదట ఒకే ఒకటి వేసి చూడండి. విడిపోతే అక్కడే ఆగి కాస్త తడి పిండి కలపండి, అందుబాటులో లేకపోతే గుప్పెడు గోధుమపిండి. పది వేసేసి ఏడవకండి.

గోరింటాకు | జనవరి 5, మధ్యాహ్నం 1:45

ఫ్యాను కింద పెట్టాను. మీకెలా తెలిసింది?

నాలుగో_లైను | జనవరి 5, మధ్యాహ్నం 1:50

నేనూ పెట్టాను కాబట్టి. పెళ్లయిన మొదటి క్రిస్మస్‌కి.

మీటర్_బట్ట | జనవరి 5, రాత్రి 11:55

ఇప్పుడే షాపు కట్టేసి వచ్చా. బీసెంట్ రోడ్డు దగ్గర చీరల షాపులో సేల్స్‌మన్‌ని. పదేళ్లుగా పండగంటే నాకు తెలిసింది ఒకటే, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద పొద్దున 10 నుంచి రాత్రి 11 దాకా మోకాళ్ల మీద కూర్చోవడం. ఒకావిడ వస్తుంది, ఆకుపచ్చలో చూపించమంటుంది, నలభై విప్పుతాం, ఇది ఎండిన ఆకు, నాకు లేత ఆకు కావాలంటుంది. మళ్లీ నలభై. చివరికి ఫోటో తీసుకుని మా వదినకి పంపి చెప్తానంటుంది, వదిన ఫోన్ ఎత్తదు. ఆవిడ లేచి వెళ్లాక ఆ ఎనభై చీరలూ మడత పెట్టాలి కదా, ఆ మడత మడతలాగే ఉండాలి, రెండో మనిషికి విప్పినట్టు తెలియకూడదు. మీకు చీర మడత పెట్టడం తెలుసనుకుంటున్నారు గానీ నా స్పీడు చూస్తే నోరెళ్లబెడతారు.

కానీ ఒకటి చెప్పాలి. ఎవరో పల్లెటూరి పెద్దాయన వస్తాడు, భార్యని తీసుకురాకుండా ఒక్కడే, లుంగీ మడిచిన చోటు నుంచి డబ్బులు తీసి లెక్కపెట్టుకుని, ఆమెకి ఏ రంగు ఇష్టమో తెలీదయ్యా నువ్వే చూడు అంటాడు. అలాంటివాళ్లకి మాత్రం రెండొందల చీరలైనా విప్పుతా.

సూదీదారం | జనవరి 6, ఉదయం 8:10

మీటర్_బట్ట అన్నా, నువ్వు అమ్మిందంతా చివరికి నా మిషన్ మీదే పడుతుంది. వన్‌టౌన్‌లో టైలర్‌ని. పండక్కి కొత్త జాకెట్లు తీసుకోనని నిన్ననే బోర్డు కట్టా, ఆ బోర్డు కిందే నిలబడి ఒక్క జాకెట్టే భాయ్, ఫాల్ కూడా వద్దులే అంటున్నారు. ఒక్కొక్కటే ముప్పై అయ్యాయి. వస్త్రలత బట్టల మార్కెట్ నుంచి లైనింగు గుడ్డ తెచ్చిన కుర్రాడు మూడు రోజుల్నుంచి రంగులు కలపలేక తల పట్టుకున్నాడు. కాజాలు కట్టే ఆవిడ రాత్రి పిల్లల్ని కూడా ఇక్కడే పడుకోబెడుతోంది.

మీ భోగి అయ్యేదాకా మాకు నిద్ర లేదు, నెల తిరిగేసరికి రంజాన్ నెల మొదలవుతుంది, మళ్లీ పఠానీ సూట్లు. మా ఇంట్లోవాళ్ల బట్టలు ఏ పండక్కీ టైముకి అవ్వవు, చాంద్ రాత్, అంటే రంజాన్ పండగ ముందు రాత్రి, తెల్లవారుజామున మా ఆవిడ డ్రస్సుకి చేతులు కుడుతూ ఉంటా.

డబుల్_బెల్ | జనవరి 7, రాత్రి 9:30

కండక్టర్‌ని, బెజవాడ నుంచి గుంటూరు, తెనాలి వైపు ఎక్కువ పడుతుంది నాకు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఫ్రీ బస్సు పెట్టాక వస్తున్న మొదటి సంక్రాంతి ఇది. నేను పండగలు చాలా చూశాను గానీ ఇలాంటి జనం చూడలేదు. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, ఏది ప్లాట్‌ఫారం మీదకి వచ్చినా ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, కర్చీఫులు, ఒకసారి ఏకంగా చంటిపిల్లాడు. సీటు ఆపడానికి పిల్లాణ్ణి లోపలికి అందించేసింది తల్లి, ఆ పిల్లాడు నాలుగు సీట్లు ఆక్రమించి ఎవర్నీ రానివ్వలేదు.

ఫ్రీ అయినా టికెట్టు కొట్టాలి, సున్నా టికెట్టు. ఆధార్ చూపించమ్మా అంటే అది బ్యాగు అడుగున ఉంటుంది, దాని పైన చీరలు, పైన జంతికల డబ్బా, పైన బెల్లం. ఆ బెల్లం పట్టుకోమని నాకే ఇస్తారు. ఒక చేత్తో టికెట్లు కొట్టే టిమ్ మిషను, ఒక చేత్తో బెల్లం, రైట్ రైట్ ఎలా అనాలి? మంగళగిరి వచ్చేసరికి సగం బస్సుకి నా పేరు తెలుసు, మా పిల్లల చదువులు తెలుసు.

నాకు సెలవు ఎలాగూ లేదు, స్పెషల్స్ వేస్తున్నారు, డబుల్ డ్యూటీలు. కానీ చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా దిగరు. రాత్రి డిపోలో జేబులు ఖాళీ చేస్తే రేగుపళ్లు, రెండు సున్నుండలు, ఒక జామకాయ.

చుక్కలముగ్గు | జనవరి 8, ఉదయం 6:40

మా సత్యనారాయణపురం అపార్ట్‌మెంటు గోల చెప్తాను. ధనుర్మాసం నెల రోజులూ గేటు ముందు ఎవరు ముగ్గు వేయాలని డిసెంబరులోనే లిస్టు రాసి లిఫ్టులో అంటించాం, పది ఫ్లాట్లు, తలా మూడు రోజులు. నాకు ఇవాళ పడింది. తెల్లవారుజామున 4:30కి లేచి కళ్లాపి చల్లి, 21 చుక్కల ముగ్గు, 11 వచ్చేవరకు. మెలికలు కలుపుతూ కలుపుతూ చివరి మూలకి వచ్చేసరికి ఒక చుక్క మిగిలిపోయింది. ఎక్కడ తప్పానో ఇప్పటికీ తెలియలేదు. ఆ చుక్క మీద గొబ్బెమ్మ పెట్టేసి పైన గుమ్మడి పువ్వు గుచ్చేశాను, తొమ్మిదో ఫ్లాట్ పెద్దావిడ వచ్చి, భలే పెట్టావే మధ్యలో అని మెచ్చుకుంది.

6:15కి పాలబ్బాయి బండి దాని మీంచి పోనిచ్చాడు. 6:20కి నేను ఆఫీసుకి వంట మొదలుపెట్టాలి. ఇంకేం చెప్పను.

తెనాలి_తాతయ్య | జనవరి 8, ఉదయం 7:00

చుక్క మిగిలిందంటే పదకొండో వరసలో రెండు చుక్కలు ఒకేసారి కలిపేసి ఉంటావు తల్లీ. మా ఇంటావిడ ఎప్పుడూ అక్కడే తప్పుతుంది, నేను చెప్తే ఒప్పుకోదు.

ఘాటు_మనిషి | జనవరి 9, రాత్రి 8:20

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాని. పండక్కి యార్డు మూసేలోపు సరుకు అమ్మేసుకుందామని రైతులు, పండగ ఖర్చులకి డబ్బు కావాలి కదా. కొత్త కాయ ఇప్పుడే మొదలైంది, సీజను ముందుంది గానీ ఈ నాలుగు రోజులు తొక్కిడి మామూలుగా లేదు. టిక్కీలు (మిరప బస్తాలు) దింపడం, కాటా, పట్టీలు (అమ్మకం చీటీలు) రాయడం. నిన్న ఒక రైతు పట్టీ చేతికివ్వగానే మొదట అడిగింది, బాబూ ఇక్కడ పట్టుపావడాలు ఎక్కడ బాగుంటాయి అని. కాయ రేటు గురించి తర్వాత తిట్టుకున్నాడు.

ఇంట్లో నా పరిస్థితి ఏమిటంటే, గుమ్మం బయటే చొక్కా విప్పాలి, పెరట్లోనే స్నానం, ఆ తర్వాతే లోపలికి. పోయినేడు మా అన్నయ్య మనవరాలికి భోగిపళ్లు పోస్తుంటే ఆలస్యమైందని యార్డు నుంచి తిన్నగా అదే చొక్కాతో వెళ్లి వంగి పిల్ల తల మీద పళ్లు పోశాను. మొదట పిల్ల తుమ్మింది. తర్వాత వాళ్లమ్మ. తర్వాత వరసగా అందరూ, దిష్టి మొత్తం ఆ తుమ్ములతోనే పోయిందన్నారు. ఈసారి నన్ను పిలవడానికి వచ్చినప్పుడు టైముతో పాటు చొక్కా రంగు కూడా చెప్పి వెళ్లారు.

వార్డు_సిస్టర్ | జనవరి 9, రాత్రి 11:40

నైట్ డ్యూటీలో ఉన్నాను, మధ్యలో చదువుతూ నవ్వు ఆపుకోలేక మాస్కు పెట్టుకున్నాను. ఒక ఆసుపత్రిలో నర్సుని, విజయవాడ. మా దగ్గర పండగ సెలవులు ఎప్పుడూ చేబదులు లెక్క. డిసెంబరు 24 రాత్రి, 25 పగలు నా ఫ్రెండు బదులు నేను చేశాను, ఆమెకి చర్చి. ఇప్పుడు 14, 15 ఆమె చేస్తుంది. ఇద్దరం ఆరేళ్లుగా ఇలాగే. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరనాళ్లు 9 నుంచి 11 దాకా, ఆ మూడు రోజులకి కొండ దగ్గరికి వెళ్లాలని ఇప్పుడే బుక్ చేసుకుంది. ఉగాదికి నేను అడుగుతా.

పండక్కి వార్డులో ఉండాల్సి వచ్చినా తిండికి లోటుండదు. పేషెంట్ల తాలూకు వాళ్లు ఊళ్ల నుంచి క్యారేజీలు తెస్తారు, పోయిన కనుమకి నర్సుల గదిలో ఏడు ఇళ్ల గారెలు చేరాయి. ఏడూ ఏడు రకాలు. ఒకరిది చిల్లు లేదు.

నైట్‌షిఫ్ట్ | జనవరి 10, సాయంత్రం 6:10

మా అన్నయ్యావాళ్లు హైదరాబాద్ నుంచి పొద్దున 7కి కార్లో బయల్దేరారు. పంతంగి టోల్ దగ్గర లైవ్ లొకేషన్ పంపించి అక్కడే ఆగిపోయారు, ఫోన్ హ్యాంగయిందనుకున్నా, లేదు, కారే కదల్లేదు. చిల్లకల్లు వచ్చేసరికి పిల్లలు తెచ్చుకున్న చిప్స్ అయిపోయి, ఊరికని కొన్న స్వీట్ బాక్సు విప్పేశారట. కీసర దాటామని ఇప్పుడే ఫోన్. 275 కిలోమీటర్లకి పదకొండు గంటలు.

రైలు టికెట్ తీసుకోమని నవంబరులోనే చెప్పాను, ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కదా, పొద్దున 8కి కూర్చుంటే దొరికేది. 8:05కి కూర్చున్నాడు. వెయిటింగ్ లిస్టు చూసి లాప్‌టాప్ మూసేశాడు.

గోరింటాకు | జనవరి 11, ఆదివారం, ఉదయం 9:15

పిండి మర దగ్గర నుంచి రాస్తున్నాను. ఇవాళ ఆర్-1 ఆఖరు రోజు, ఆదివారమైనా ఆఫీసుంది, పదింటికి అక్కడ ఉండాలి. అత్తగారు నిన్న తెల్లవారకముందే బియ్యం పోశారు, స్టోరు బియ్యమే, ఊరి నుంచి మూట కట్టుకొచ్చారు. ఐదు కిలోల నుంచి మూడుకి బేరమాడి దించాను, నాలుగో_లైను గారు రాసింది చదివి వినిపిస్తే, ఎవరే ఆ పిల్ల, బాగా తెలుసే అన్నారు.

ఇక్కడ మనుషుల లైను లేదు, గిన్నెల లైను. స్టీలు బేసిన్లు, పాల క్యాన్లు, రంగు డబ్బా కడిగి తెచ్చినది ఒకటి, ఒక్కోదాని మీద తడిగుడ్డ, గుడ్డ మీద గుర్తుకి ఏదో ఒకటి. ఎవరిదో దువ్వెన ఉంది, ఎవరిదో చెప్పు. నాది పన్నెండోది, స్టాప్లర్ పెట్టాను. మర ఆయన కారం పట్టడం ఈ వారం బంద్ చేశాడట, పోయినేడు ఎవరో కారం పట్టించిన వెంటనే ఒకామె అరిసెల పిండి వేయిస్తే ఆ ఇంట్లో అరిసెలు ఘాటెక్కాయట. ఇప్పుడు ముందుగా రెండు గుప్పెళ్లు తన సొంత బియ్యం తిప్పి పారేస్తున్నాడు. పిండి వస్తుంటే వేడిగా, తడిగా, చేతికి మెత్తగా తగులుతోంది, ఆ వాసనకి ఆఫీసు సంగతి ఒక నిమిషం మర్చిపోయా.

పదో గిన్నె అయింది. ఉంటా.

ఘాటు_మనిషి | జనవరి 11, ఉదయం 9:30

అరిసెల్లో ఘాటు పడితే ఏం, గుంటూరు కదా.

గోరింటాకు | జనవరి 12, అర్ధరాత్రి 1:30

వచ్చాయి!!

ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి 8:45. పిండి ఫ్యాను కింద పెట్టలేదు, అత్తగారు ఇత్తడి గిన్నెలో అదిమి పైన తడిగుడ్డ కప్పి, దాని మీద పెద్ద పళ్లెం, పళ్లెం మీద రుబ్బురోలు పొత్రం పెట్టారు, దొంగలొస్తారన్నట్టు. పాకం నేనే పట్టాను. చుక్క వేశా, జారింది. మళ్లీ వేశా, జారింది. ఐదోసారికి వేళ్ల మధ్య ఉండ నిలబడింది, అత్తగారి వైపు చూస్తే ఆవిడ ఏమీ మాట్లాడకుండా పొయ్యి కట్టేశారు. మా ఆయన పిండి పోశాడు, నేను తెడ్డు తిప్పాను, చెయ్యి ఇంకా లాగుతోంది. మొదటి అరిసె మూకుట్లో వేశాక ముగ్గురం వంగి చూశాం. అడుగుకి వెళ్లింది, బుడగలు వచ్చాయి, మెల్లగా పైకి తేలి పొంగింది. విడిపోలేదు.

అరిసెల చెక్కలు ఊళ్లో మర్చిపోయి వచ్చారు ఆవిడ. రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి నొక్కాం, నూనె కారింది గానీ ప్రతి అరిసె మీదా చుక్కలు పడ్డాయి. చుక్కలముగ్గు గారూ, మీరు గుర్తొచ్చారు. మూడో వాయికి మా ఆయన నొక్కడంలో ఎంత ఆరితేరాడంటే మమ్మల్ని పక్కకి జరగమన్నాడు.

నాలుగో_లైను గారూ, మీ వాటా తీసి పక్కన పెట్టాను. అరండల్‌పేట ఎంత దూరం, రేపు లంచ్‌లో వస్తాను.

నాలుగో_లైను | జనవరి 12, ఉదయం 7:20

రండి. నా దగ్గర రెండు జతల చెక్కలున్నాయి, ఒకటి తీసుకెళ్లండి. చుక్కలున్న అరిసెలు ఇంతవరకు తినలేదు.

మీటర్_బట్ట | జనవరి 14, అర్ధరాత్రి 12:50

భోగి వచ్చేసింది. ఇప్పుడే షట్టర్ దించాం. ఓనరు అందరికీ తలా ఒక జత బట్టలు, ఒక కవరు ఇచ్చాడు. షట్టర్ సగం దించాక మా పండగ మొదలవుతుంది, స్టాఫ్ అంతా మా ఇళ్లకి కొనుక్కునేది అప్పుడే. డిసెంబరు మొదట్లో కొత్త సరుకు దిగినప్పుడే ఒక వంగపండు రంగు మంగళగిరి చీర చూసి, కింది అరలో, లంగాల కట్టల వెనక దాచిపెట్టా. ఈ నెలన్నరలో రెండుసార్లు ఎవరో కొత్త కుర్రాడు బయటికి లాగాడు, రెండుసార్లూ డ్యామేజ్ ఉందని చెప్పి మళ్లీ లోపల పెట్టా. ఇందాక బిల్లు కొట్టించా.

జాకెట్టు ఎవరు కుడతారో మాత్రం తెలియదు.

సూదీదారం | జనవరి 14, అర్ధరాత్రి 12:58

తీసుకురా అన్నా. ఒక్క జాకెట్టే కదా.

తెనాలి_తాతయ్య | జనవరి 14, రాత్రి 9:10

ఇవాళ పొద్దున మా వీధి చివర భోగి మంట దగ్గర పెద్దవాళ్లం ఐదుగురం, కుర్రాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరూ వీడియో తీస్తున్నారు. పాత కుర్చీ ఒకటి వేద్దామని తీసుకెళ్తే మా ఇంటావిడ దారిలోనే వెనక్కి లాక్కుంది.

మా మనవడికి మూడో ఏడు, డాలస్‌లో ఉంటాడు. భోగిపళ్లు ఫోన్లో పోశాం. అంటే మేం ఇక్కడ రేగుపళ్లు, చిల్లర, చెరకు ముక్కలు, బంతి రేకులు కలిపి ఫోను మీద తిప్పాం, వాళ్లు అక్కడ ద్రాక్షపళ్లు పోశారు. వాళ్లకి అక్కడ ఇంకా పొద్దున్నే, వాడు నిద్ర కళ్లతో కూర్చుని తల మీంచి జారిన పండల్లా నోట్లో వేసుకున్నాడు. ఇక్కడ పళ్లెంలో పోసిన చిల్లర ఏరుకునే పిల్లలు లేరు. పక్కింటి పనమ్మాయి కొడుకుని పిలిచి కూర్చోబెట్టి వాడి తల మీద మళ్లీ పోసింది మా ఆవిడ. వాడు రూపాయి రూపాయి ఏరి లెక్కపెట్టి, తాతా ఇంకొకటి సోఫా కింద ఉంది అని పాకుతూ వెళ్లాడు.

డబుల్_బెల్ | జనవరి 15, రాత్రి 10:45

పండగ రోజు మధ్యాహ్నం ట్రిప్పులో బస్సు ఖాళీ. ఏడుగురు. డ్రైవరన్న, నేను తాడేపల్లి దాటాక ఒక చెట్టు కింద రెండు నిమిషాలు ఆపి టీ తాగుదామనుకుంటే టీ కొట్టు కూడా మూసేశారు. వెనక సీట్లో ఒక ముసలమ్మ స్టీలు డబ్బా తీసి చక్కెర పొంగలి అందరికీ పంచింది, ఆకుల్లేక చేతుల్లోనే. టిమ్ మిషను బటన్లు ఇంకా అంటుకుంటున్నాయి.

రేపు కనుమ, జనం ఉండరు. ఎల్లుండి నుంచి తిరుగు ప్రయాణాలు. అప్పుడు చూడాలి నన్ను.

చుక్కలముగ్గు | జనవరి 17, ఉదయం 7:30

నిన్న కోడి పులుసు తిని మధ్యాహ్నం పడుకుంటే సాయంత్రం దీపాల వేళకి లేచాను, నెల రోజుల నిద్ర తీరింది. ఇవాళ ముక్కనుమ, రథం ముగ్గు వేశాం, మా గేటు తాడు పక్క గేటుకి, వాళ్లది ఆ పక్కకి, అలా వీధి చివర దాకా. పాలబ్బాయి బండి దిగి, తోసుకుంటూ పక్కనుంచి వెళ్లాడు.

నైట్‌షిఫ్ట్ | జనవరి 18, ఉదయం 5:20

రిలీజ్ అయింది. రాత్రంతా కాల్‌లో ఉన్నా, పక్కన గారెల గిన్నె, మ్యూట్ చేశాననుకుని నమిలాను. అవతల మేనేజర్ కనెక్షన్ బాగోలేదు, ఏదో శబ్దం వస్తోంది అన్నాడు. పండగ అయిపోయిందంటే నమ్మబుద్ధి కావట్లేదు, మా వదిన ఇంకా అరిసెలు మూడు కవర్లలోకి సర్దుతోంది, ఇంకో కవరుకి జిప్పు పట్టట్లేదు.

గోరింటాకు | జనవరి 19, సోమవారం, ఉదయం 11:00

అత్తగారు పొద్దున్నే వెళ్లిపోయారు, ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చా. ఆధార్ కార్డు ముందే చేతిలో పెట్టాను, డబుల్_బెల్ గారి పుణ్యాన. ఆడపడుచుకి పంపిన డబ్బాలో చుక్కలవి పైన పెట్టొద్దని చెప్పి, ఆవిడే స్వయంగా పైన పెట్టారు.

త్రీబీకి రేపే ఆఖరు. ఇందాక ఒక క్లయింటు వచ్చాడు, ఎప్పటిలాగే క్యారీబ్యాగు, లోపల బిల్లులు, వాటి మధ్యలో పేపర్లో చుట్టిన అరిసెలు, మేడమ్ ఇంట్లో చేసినవి అని పెట్టి వెళ్లిపోయాడు. చాలా బాగున్నాయి, ఒప్పుకోవాలి, నావాటికంటే మెత్తగా ఉన్నాయి. కానీ ఆ నెయ్యి మొత్తం పక్కనున్న బిల్లుకి పట్టేసింది, అంకె సగం చెరిగిపోయింది. 11,480 ఆ, 17,480 ఆ? ఫోన్ చేస్తుంటే ఎత్తట్లేదు, మళ్లీ ఊరెళ్లినట్టున్నాడు.